ఫ్రాన్సు బాటలపై రాత్రి మజిలీ

బాటసారికి ప్రొద్దు క్రుంకగానే కలుగు మొదటి చింత తల యెక్కడ దాచుకొందునా యనునదియే. పగలు నడచుటకు రాజమార్గ మెల్లరిది. రాత్రి నిలుచు చోటు మాత్రము ఎవరిదో యొకరిది. ఆ యొకరు గృహస్థు కావచ్చును, మఠాధిపతి కావచ్చును, గ్రామాధికారి కావచ్చును, రాజే కావచ్చును. వారుండుమన్న నుండవలెను, పొమ్మన్న పోవలెను. కావున నొక దేశపు బాటల చరిత్రను తెలిసికొనగోరువారు ఆ బాటల నెవరు వేసిరి, ఎప్పుడు వేసిరి అని మాత్రమే విచారించిన చాలదు. చీకటిపడిన పిమ్మట ఆ బాటల ప్రక్క నెవరిని నిలువనిచ్చిరి, ఎవరిని తఱిమివేసిరి అనికూడ విచారింపవలెను. అట్టి విచారణ ఫ్రాన్సు దేశమును గూర్చి నేడు చేయదలచితిని.

ఫ్రాన్సునే యేల యెన్నుకొంటినందురా? ఇంటిని చక్రములపై నెక్కించుకొని విహారమునకు బోవువారిని ఆ దేశము ఎంతయో ఆదరముతో చూచుచున్నది. ఈ యింటిబండ్లు రెండు తెగలు. కారునకు వెనుక తగిలించి లాగుకొనిపోవు గది యొకటి. దానిని కారవాను అందురు. యంత్రమును నివాసమును ఒకే చట్రముపై నమర్చినది రెండవది. దానిని మోటారు ఇల్లు అనవచ్చును. లోపల పడకలు, పొయ్యి, నీటితొట్టి, స్నానపుగది, మరుగుదొడ్డి అన్నియు ఇమిడియుండును. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు ఇట్టి బండిలో నెలల తరబడి దేశమంతయు తిరుగుచుందురు. వారికి పూటకూళ్ల యింటితో పనిలేదు, సత్రముతో పనిలేదు. కావలసినదెల్ల రాత్రికి చదునైన నేల రెండు మూడు బారలు, ఉదయమున కొంచెము మంచినీరు.

ఆ చదునైన నేలను ఫ్రాన్సు దేశపు గ్రామములే సమకూర్చుచున్నవి. మన పంచాయతివంటి స్థానిక పాలనాఖండమును వారు కమ్యూను అందురు. అట్టివి దేశమున ముప్పదియైదువేల వఱకు కలవు. వానిలో అనేకములు ఊరిచివర నొక మైదానమును ఈ బండ్లకై ప్రత్యేకించినవి. దానికి వారి భాషలో ‘ఎర్’ అని పేరు. అచట నీటి కుళాయి యుండును, మురికినీరు పోయుటకు కాలువ యుండును, మరుగుతొట్టిని ఖాళీచేయుటకు వేఱుగా చోటుండును. కొన్ని యూళ్లలో రుసుము లేదు. కొన్నిట రాత్రికి కొలది యూరోలు పుచ్చుకొందురు. ఇందు గ్రామమునకు స్వార్థము లేకపోలేదు. ఉదయమున లేచిన యాత్రికుడు ఆ యూరి దుకాణముననే రొట్టె కొనును, ఆ యూరి సంతలోనే కూరగాయలు కొనును. పట్నములకు వలసపోయి పల్లెలు పాడుపడుచున్న యీ కాలమున, ఒక రాత్రి నిలిచిపోవు నాలుగు కుటుంబములైనను ఆ దుకాణములకు కొంత యండయే.

ఇక ద్రాక్షతోటల యజమానులును రైతులును కలసి 1993వ సంవత్సరమున ‘ఫ్రాన్స్ పాసియోన్’ అను పేర నొక యేర్పాటు చేసికొనిరి. అందు చేరిన రైతు తన దొడ్డిలోగాని తోటయంచునగాని మోటారు ఇంటిని ఒక దినమంతయు ఊరకే నిలువనిచ్చును. అతిథి రాగానే యజమానుని పలుకరింపవలెను, పోవునప్పుడు చెప్పిపోవలెను. రైతు పండించినది కొనుట అతిథి యిష్టము, కొనకపోయినను తప్పులేదు. ఇట్టి ఆతిథ్యము నిచ్చువారు నేడు రెండువేలకు మించియున్నారు. గృహస్థధర్మము పాశ్చాత్యులకు తెలియదని మనలో కొందఱు పలుకుచుందురు. అట్టివారు ఈ యేర్పాటును గూర్చి విని తలపోయుదురుగాక.

ఈ మజిలీలకు శాసనసంబంధమైన సూక్ష్మ మొకటి కలదు. ఫ్రెంచివారి న్యాయమున ‘నిలుపుట’ వేఱు, ‘విడిదిచేయుట’ వేఱు. మోటారు ఇల్లు బాటప్రక్క నిలిచియుండగా లోపల మనుష్యులు నిద్రించుచున్నను, శాసనదృష్టిలో అది నిలిపియుంచిన వాహనమే. ఏడుదినములకు మించి ఒక్కచోటనే కదలక యుండరాదనుట యితర వాహనములకువలె దానికిని వర్తించును. అయితే బల్లలు కుర్చీలు బయటవేసి, గుడారపు చెఱగు విప్పి, చక్రములకు మోపులుపెట్టిన తోడనే అది విడిది యగును. సముద్రతీరమునను, రక్షితస్థలములలోను, త్రాగునీరు తీయు చోట్లకు 200 మీటరులలోపలను విడిది నిషిద్ధము. ఊరి మేయరునకు తన కమ్యూనులో ఎక్కడ నిలువవచ్చునో ఎక్కడ నిలువరాదో నిర్ణయించు అధికారమును కలదు. అయినను అతడు ఊరంతట ఏకమొత్తముగా మోటారు ఇండ్లను నిషేధింపరాదని ప్రభుత్వము 2004వ సంవత్సరమున నొక యుత్తరువు ద్వారా మేయరులకు తెలియజేసెను.

ఇంతవఱకు వినినవారు, ఆహా, ఎంత యుదారమైన దేశమని యనుకొందురు. ఉదారమనుట నిజమే. కాని యిదే దేశమున, ఇదే యూళ్ల పొలిమేరలయందు, 20వ శతాబ్దమున మఱియొక రకపు పలకలు నాటబడియుండెను. ‘సంచారులు నిలువరాదు’ అని వానిపై వ్రాత. ఆ సంచారులును ఇంటిబండ్లలోనే వచ్చినవారు. వారికి కావలసినదియు చదునైన నేల, గుక్కెడు నీరే. ఒకే విధమైన బండికి, ఒకే రాత్రికి, రెండు రకములైన పలకలు ఎట్లు కలిగినవో ఆ చరిత్రయే నేను చెప్పవలసినది.

మొదట ఈ భేదము లేదు. మధ్యయుగమున బాటసారి యనగా ముఖ్యముగా తీర్థయాత్రికుడు. స్పెయిన్ దేశపు పశ్చిమపుకొనయందున్న శాంతియాగో క్షేత్రమునకు ఫ్రాన్సుమీదుగా నాలుగు మార్గములుండెను. తూర్, వెజలే, లె పుయి, సాన్ జిల్ అను పట్టణములమీదుగా అవి సాగునని 12వ శతాబ్దపు యాత్రామార్గదర్శిని యొకటి చెప్పుచున్నది. లె పుయినుండి బయలుదేరినవారు ఒబ్రాక్ అను పీఠభూమిని దాటవలెను. అది చెట్టుచేమ లేని యెత్తైన బయలు. చలికాలమున మంచు, తక్కిన కాలమున పొగమంచు. తోడేళ్ల భయ మొకటి. 1120వ సంవత్సర ప్రాంతమున అదలార్ అను ఫ్లాండర్సు ప్రభువు అచట నొక ధర్మశాలను కట్టించెను. దాని ఘంటాగోపురమున నొక పెద్ద గంట యుండెను. పొగమంచు క్రమ్మినపుడు, దారితప్పినవారు ఆ నాదముననుసరించి వచ్చి చేరునట్లు ఆ గంటను మ్రోగించుచుండెడివారు. ‘దారితప్పినవారి గంట’ యనియే దానికి పేరు. వచ్చినవాడు ధనికుడా దరిద్రుడా, ఏ దేశమువాడు అను ప్రశ్న ఆ గంటకు లేదు. నాకు తెలిసిన ధర్మకార్యములలో, ఎదుటివాడు కంటికి కనబడకమునుపే అతనిని పిలుచు కార్యము ఇంకొకటి లేదు.

ఇట్టి కాలమున ఫ్రాన్సున క్రొత్తవా రొకరు ప్రవేశించిరి. 1419వ సంవత్సరము ఆగస్టు మాసమున షాతియోన్ సుర్ షాలరోన్ అను ఊరికి నల్లని మేనిచాయగల ఒక గుంపు వచ్చినట్లు లెక్కపత్రములలో వ్రాయబడియున్నది. 1427వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన అట్టివారే పన్నిద్దఱు గుఱ్ఱములనెక్కి పారిసునగరమునకు వచ్చిరి. తక్కినవారు, ఆడువారు పిల్లలతో గూడ నూఱుమందికి పైగా, ఆ మాసము చివర వచ్చి చేరిరి. వారిని కోటలోపలికి రానీయక, నగరము వెలుపల లా షపెల్ అను గ్రామమున విడియించిరి. ఆనాటి పారిసు పౌరు డొకడు ఈ సంగతులన్నియు తన దినచర్యలో వ్రాసిపెట్టెను. అతని పేరు మాత్రము చరిత్రకు దక్కలేదు. వారిలో ఇంచుమించుగ నందఱకును చెవులు కుట్టి వెండిపోగులు పెట్టియుండెనని అతడు వింతగా వ్రాసెను.

వారు తమ రాకకు చెప్పిన కారణము వినదగినది. తాము ‘క్రింది ఈజిప్టు’ వారమనియు, మతము తప్పిన పాపమునకు ప్రాయశ్చిత్తముగా ఏడేండ్లు పడకపై పరుండక లోకమున తిరుగుడని పోపుగారు విధించిరనియు, దారిలోని బిషప్పులును మఠాధిపతులును తమకు ధనసహాయము చేయవలెనని ఆయన పత్రమిచ్చిరనియు చెప్పిరి. ఈ కథ నిజమో కల్పితమో వేఱు విషయము. అది యెంత నేర్పుతో చెప్పబడినదో గమనింపుడు. తీర్థయాత్రికునకు రాత్రి చోటిచ్చుట పుణ్యమని నమ్మిన దేశమునకు వచ్చి, వారు తమ్ము తీర్థయాత్రికులనియే చెప్పుకొనిరి. జనులు వారిని చూచుటకు తిరునాళ్లకు వచ్చినంతగా వచ్చిరి. చేతులు చూపించుకొని జోస్యము లడిగిరి. అది బిషప్పునకు తెలిసి, చేయి చూపించుకొన్నవారినెల్ల మతమునుండి వెలివేసెను. సెప్టెంబరులో ఆ గుంపు పొంత్వాజ్ అను ఊరివైపు సాగిపోవలసివచ్చెను. అప్పటికి మూడువారములు మాత్రమే గడచినవి.

వారు నిజముగా ఎవరు? ఈజిప్టువారు కారు. 18వ శతాబ్దము చివర, 1782వ సంవత్సరమున, రూడిగర్ అను జర్మను పండితుడు వారి భాషను పరిశీలించి అది హిందూదేశపు భాషలకు సోదరి యని చూపెను. ఆ భాషలో ఒకటి ‘యెఖ్’, రెండు ‘దుయ్’, మూడు ‘త్రిన్’, అయిదు ‘పాంజ్’, పది ‘దెష్’. నీటిని ‘పానీ’ అందురు. కంటిని ‘యాఖ్’ అందురు. అది మన సంస్కృతపు అక్షియే. ఫ్రాన్సులో వారి శాఖ యొకదానికి ‘మానూష్’ అని పేరు. ఆ మాటకు వారి భాషలో అర్థము మనుష్యుడు. అమరము చదివిన బాలునికి ఈ మాట విడమఱచి చెప్పనక్కఱలేదు. అయితే ఏడు, ఎనిమిది, తొమ్మిది అను మాటలు మాత్రము వారు గ్రీకులనుండి తీసికొనిరి. బాటకు వారు వాడు ‘ద్రోమ్’ అను మాటయు గ్రీకుదే. వేయేండ్లక్రిందట మన దేశపు ఉత్తరభాగమునుండి వెడలి, పారశీకము, గ్రీకుదేశము దాటుచు, దాటిన దేశమెల్ల నోట నుంచుకొనిపోయిన జాతి యది. ఫ్రెంచివారు వారిని బోయెమియనులని, జిప్సీలని పిలిచిరి.

అతిథులుగా వచ్చినవారు అపరాధులగుటకు ఎక్కువకాలము పట్టలేదు. 1539వ సంవత్సరమున ఫ్రాన్సువా రాజు వారిని దేశమునుండి పొమ్మని యాజ్ఞాపించెను. 1561వ సంవత్సరపు శాసనము పోనివారిని తెడ్డునావలకు పంపుమనెను. అయినను వారు పోలేదు. ఏలయన వారికి ఆశ్రయమిచ్చు ప్రభువు లుండిరి. ఆటపాటలకొఱకో, గుఱ్ఱముల వైద్యమునకో, సైనికులుగ పనికివత్తురనియో, పల్లెప్రాంతపు జమీందారులు వారిని తమ కోటల చెంత విడియనిచ్చెడివారు. 17వ శతాబ్దారంభమున జాక్ కలో అను చిత్రకారుడు వారి ప్రయాణమును నాలుగు రాగిరేకులపై చెక్కెను. వానిలో రెండు చిత్రములు నడకను, రెండు మజిలీని చూపును. నాలుగవ చిత్రమున చెట్లక్రింద వంట జరుగుచుండును, పిల్లలు పుల్లలేరుచుందురు. అప్పటికి వారికి ఇంటిబండి లేదని యీ చిత్రములవలన తెలియుచున్నది. గుఱ్ఱములు, సామానుబండి, ఆకాశము, అంతియే.

పదునాల్గవ లూయీ రాజు ఈ రహస్యమును కనిపెట్టెను. 1682వ సంవత్సరము జూలై 11వ తేదీన ఆయన ప్రకటించిన శాసనమున పురుషులకు యావజ్జీవము తెడ్డునావల శిక్ష, స్త్రీలకు తలగొఱుగుట, పిల్లలకు అనాథాలయము విధింపబడినవి. అంతటితో నిలువక, తన కోటలో వారికి చోటిచ్చిన జమీందారుని జాగీరు రాజుపరమగునని చేర్చెను. ఇచటనే నాకు చరిత్ర మలుపు తిరిగినట్లు తోచును. అంతకుముందు శిక్ష నిలిచినవానికి; ఇప్పుడు నిలువనిచ్చినవానికిని శిక్ష. గంటకొట్టి పిలిచిన దేశముననే తలుపుతీయుట నేరమయ్యెను. అదే రాజు 1671వ సంవత్సరమున తీర్థయాత్రికులను సైతము అనుమతిపత్రము లేక దేశము దాటరాదని కట్టడిచేసియుండెను. ఊరులేనివాడు, పన్నుకట్టనివాడు, సైన్యమున కందనివాడు రాజునకు కంటిలో నలుసు.

తక్కిన బాటసారుల మాట యిక త్వరగా చెప్పెదను. 15వ శతాబ్దమున పదునొకండవ లూయీ కాలమునుండి రాజమార్గములపై గుఱ్ఱములు మార్చు తపాలా ఠాణాలు వెలసినవి. వాని చుట్టును పూటకూళ్ల యిండ్లు పెరిగినవి. 1787వ సంవత్సరమునుండి మూడుపర్యాయములు ఫ్రాన్సున తిరిగిన ఆర్థర్ యంగ్ అను ఆంగ్లేయుడు వానిలో భోజనమును పడకయు తన దేశమునకంటె మేలనియు, కూర్చుండుటకు గదియే యుండదనియు వ్రాసెను. రైలుబండ్లు వచ్చిన తరువాత ఆ ఠాణాలతో పనిలేకపోయెను. 1873వ సంవత్సరమున ప్రభుత్వము వానిని మూసివేసెను.

19వ శతాబ్దమున సంచారజాతులు ఇంటిబండిని సంపాదించుకొనిరి. చెక్కగోడలు, కిటికీ, లోపల చిన్న ఇనుపపొయ్యి, లాగుటకు గుఱ్ఱము. దానిని ఫ్రెంచిలో ‘రూలోత్’ అందురు. 1888వ సంవత్సరము ఆగస్టులో వాన్ గో అను చిత్రకారుడు ఆర్ల్ పట్టణము వెలుపల నిలిచియున్న ఇట్టి బండ్లను చూచి చిత్రించెను. ఆ పటము నేడు పారిసులోని ఓర్సే ప్రదర్శనశాలలో నున్నది. నేటి కారవానునకు తాత ఈ రూలోతే. విహారయాత్రికులు తాము పండుకొన్న గది ఎవరి కల్పనయో ఎఱుగుదురో లేదో.

ఇక 1912వ సంవత్సరమునకు వత్తము. జూలై 16వ తేదీన ఫ్రెంచి పార్లమెంటు తిరిగి బ్రదుకువారిని మూడు తరగతులుగ విభజించెను. స్థిరనివాసముండి తిరిగి వ్యాపారము చేయువారు మొదటితరగతి. సంతలలో, తిరునాళ్లలో ఆటలు చూపు ఫ్రెంచిపౌరులు రెండవతరగతి. తక్కినవారందఱును ‘నోమాదు’లు, అనగా సంచారులు. జాతిపేరు శాసనమున లేదు. కాని ఎవరిని ఉద్దేశించి వ్రాసిరో అందఱకు తెలియును. పదమూడేండ్లు నిండిన ప్రతి సంచారియు ‘అంగమానపు పుస్తక’ మొకటి వెంటనుంచుకొనవలెను. అందు మనుష్యుని ఎత్తు, బారచాచిన వెడల్పు, తలపొడవు, తలవెడల్పు, కుడిచెవి పొడవు, ఎడమచేతి నడిమివ్రేలి పొడవు, ఎడమపాదము పొడవు, కంటిరంగు, వ్రేలిముద్రలు, ఎదుటినుండి యొకటి ప్రక్కనుండి యొకటి ఛాయాపటములు ఉండవలెను. ఈ కొలతలు దొంగలను గుర్తించుటకు పారిసు పోలీసుశాఖలోని బెర్తియోన్ కల్పించినవి. కుటుంబమంతటికి మఱియొక పుస్తకము, బండికి ప్రత్యేకమైన ఫలకము.

ఏ యూరికి వచ్చినను రాగానే ఆ పుస్తకముపై ముద్ర వేయించుకొనవలెను. పోవునప్పుడు మఱల వేయించుకొనవలెను. ముద్ర లేకున్న చెఱసాల. నేను చాలయేండ్లు పాఠశాలలో హాజరుపట్టీ వ్రాసినవాడను. హాజరుపట్టీలో పేరుండుట పిల్లవానికి గౌరవము. వాడు రాలేదేమని విచారించుటకది. ఈ పుస్తకమున ముద్ర వాడు వచ్చెనని భయపడుటకు, ఎప్పుడు పోవునని యెదురుచూచుటకు. రెండును కాగితములే, రెండిటను సిరాయే. అట్టి పుస్తకములలో కొన్నిట నూఱు పుటలకు మించి యుండెను. మేయరులకు ఈ శాసనము మంచి యవకాశమయ్యెను. సంచారులు నిలువరాదను పలకలు ఊరూర పెరిగినవి.

ఇదే కాలమున ధనికులకు బాట యొక వేడుకయైనది. ఫ్రాన్సు టూరింగ్ క్లబ్బు 1890వ సంవత్సరమున స్థాపింపబడెను. 1900వ సంవత్సరమున మిషెలిన్ టైరుల సంస్థ 35,000 ప్రతులుగల మార్గదర్శిని నచ్చొత్తించి మోటారువారికి ఊరకే పంచెను. రాత్రి ఎచట దిగవలెను, ఎచట చక్రము బాగుచేయుదురు అను వివరములు అందుండెను. 1925వ సంవత్సరమున రేమోన్ రూసెల్ అను ధనవంతుడైన రచయిత తనకొఱకు తొమ్మిది మీటరుల పొడవుగల మోటారు ఇంటిని కట్టించెను. పడకగది, వ్రాతగది, స్నానపుగది, సేవకులకు చోటు అన్నియు అందు గలవు. దానిని పారిసు మోటారు ప్రదర్శనమున నుంచగా జనులు క్రిక్కిఱిసి చూచిరి. దానినే ఆయన రోమునగరమునకు తీసికొనిపోగా ముస్సోలినీ చూచి మెచ్చుకొనెను. ఆ సంవత్సరములయందే మానూషు జాతివాడు తన రూలోతును ఊరివెలుపల నాపి, పుస్తకము చేతబట్టుకొని జాందార్ముల ఠాణాయెదుట నిలువబడి యుండెను. జాందార్ములన పల్లెప్రాంతపు పోలీసులు. ఇరువురును చక్రముల యింట నిద్రించువారే. ఒకని చెవిపొడవు కొలిచిరి, ఒకని బండిపొడవు కొలిచిరి.

1936వ సంవత్సరము జూన్ 20వ తేదీన కూలివానికిని గుమాస్తాకును ఏటికి రెండువారముల జీతముతోడి సెలవు నిచ్చుచు శాసనమయ్యెను. లెయో లగ్రాంజ్ అను ఉపమంత్రి రైలు చీట్లపై నూటికి నలువదివంతులు తగ్గింపు కల్పించెను. సముద్రమును జన్మమున నెఱుగని కార్మికులు రెండుచక్రముల బండ్లపై, గుడారములు వీపున కట్టుకొని బయలుదేరిరి. రాత్రి బయట పండుకొనుట మొట్టమొదటిసారిగా పేదవానికిని సరదాయైనది. ఇది మెచ్చదగిన కార్యము. ఇందు నాకు సందేహము లేదు.

నాలుగేండ్లు తిరుగకమునుపే యుద్ధము వచ్చెను. 1940వ సంవత్సరము ఏప్రిలు 6వ తేదీన అధ్యక్షుడు లెబ్రూన్ ఉత్తరువు చేసెను: యుద్ధము ముగియువఱకు సంచారులు కదలరాదు, పోలీసుల కండ్లయెదుట నొకచోట నుండవలెను. తిరుగువారు సైన్యముల కదలికలను చూచి శత్రువులకు చెప్పుదురని కారణము చెప్పిరి. తరువాత జరిగినది విధివిలాసము. మే జూన్ మాసములలో జర్మను సేనలు ఉత్తరమునుండి చొచ్చుకొనిరాగా, లక్షోపలక్షలు ఫ్రెంచివారు ఇండ్లు విడిచి బాటలపై పడిరి. మేష్టర్లు, మేయరులు, జాందార్ములతోసహా గడ్డిబండ్లపై, కారులలో, తోపుడుబండ్లపై పరుపులు వేసికొని దక్షిణమునకు పరుగెత్తిరి. సగముదేశము బాటప్రక్కల, కొట్టములలో, కాలువగట్లపై నిద్రించెను. ఏ ముద్రపుస్తకమును వారి నెవరును అడుగలేదు.

వారు తిరిగి యిండ్లకు చేరిరి. సంచారులకు మాత్రము చెఱ మొదలయ్యెను. ఆ యేటి అక్టోబరులో జర్మనులు, తా మాక్రమించిన భాగమున వారిని శిబిరములలో నుంచుడని యాజ్ఞాపించిరి. శిబిరములను నడపినవారు, కాపలాకాచినవారు ఫ్రెంచివారే. ముప్పదివఱకు శిబిరములలో ఇంచుమించు ఆఱువేల అయిదువందలమంది యుంచబడిరి. వారెవరో ఎక్కడనున్నారో ముప్పదేండ్లనుండి ముద్రలు వేయుచున్న పుస్తకములే చెప్పినవి. వెదకవలసిన పని లేకపోయెను. వారి బండ్లు, గుఱ్ఱములు పోయినవి. అన్నిటిలో పెద్దది లువార్ నదీప్రాంతమున మోంత్రయ్ బెలే శిబిరము. 1941వ సంవత్సరము నవంబరునుండి 1945వ సంవత్సరము జనవరివఱకు అది నడచెను. ఒకకాలమున అందు వేయిమందికి పైగా నుండిరి. 1944వ సంవత్సరము ఆగస్టులో పారిసు విడుదలయ్యెను. దేశమంతట ఉత్సవములు జరిగెను. శిబిరముల తలుపులు తెఱువబడలేదు. అంగులేం పట్టణముచెంత అలియే అను చోటనున్న చివరివారిని విడిచినది 1946వ సంవత్సరము జూన్ 1వ తేదీ. యుద్ధము ముగిసి అప్పటికి ఏడాది దాటెను.

విడుదలయైనవారికి ప్రభుత్వ మేమి యిచ్చెనందురా? అంగమానపు పుస్తకమునే మఱల చేతికిచ్చెను. 1912వ సంవత్సరపు శాసనము 1969వ సంవత్సరమువఱకు నిలిచెను. ఆ 1969వ సంవత్సరము చిత్రమైనది. మే మాసమున ఫ్రెంచి కార్మికులకు సెలవు నాలుగువారములకు పెరిగెను. కారవానులు వేసవిలో బాటలు నింపెను. ఆ యేటి జనవరి 3వ తేదీననే సంచారులకు క్రొత్తశాసనము వచ్చియుండెను. కొలతలు పోయినవి, పుస్తకము పోలేదు. నిలుకడగల సంపాదన లేనివాడు మూడుమాసముల కొకసారి పోలీసులచే ముద్ర వేయించుకొనవలెను. ప్రతివాడును ఒక కమ్యూనునకు చేరియుండవలెను. ఆ కమ్యూనున సంచారులు నూటికి మువ్వురకు మించరాదు. చేరిన మూడేండ్లకుగాని ఓటు లేదు.

రాత్రిచోటును గూర్చి గట్టి బాధ్యత విధించినది 2000వ సంవత్సరము జూలై 5వ తేదీ శాసనము. అయిదువేల జనాభాకు మించిన కమ్యూనులు సంచారులకు విడిది స్థలము నేర్పాటుచేయుటలో పాలుపంచుకొనవలెను. అట్లు చేసిన మేయరు తక్కిన చోట్లనుండి వారిని తొలగింపవచ్చును. ఆ స్థలములలో మంచివి కలవు. కాని చాలచోట్ల అవి పెద్దబాటల ప్రక్కన, చెత్తకుప్పల చెంత, కర్మాగారముల నడుమ నేర్పడినవి. నదియొడ్డు విహారయాత్రికునకు మిగిలినది. 2012వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన రాజ్యాంగమండలి మూడుమాసముల ముద్రను, ఓటునకు మూడేండ్ల గడువును కొట్టివేసెను. 2016వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన అధ్యక్షుడు ఓలాంద్ మోంత్రయ్ బెలే శిబిరపు శిథిలముల నడుమ నిలిచి, ఈ దుఃఖమునకు ఫ్రాన్సు బాధ్యతను అంగీకరించెను. మఱుసటి జనవరిలో పార్లమెంటు 1969వ సంవత్సరపు శాసనమును రద్దుచేసెను. మొదటి పుస్తకము వ్రాసిన నూటయైదేండ్లకు చివరి పుస్తకము పోయెను.

మధ్యధరా సముద్రతీరమున, కమార్గ్ అను చిత్తడినేలల నడుమ, సాంత్ మారీ ద లా మేర్ అను చిన్నయూరు కలదు. అచటి గుడి నేలమాళిగలో సారా యను నల్లని దేవి విగ్రహమున్నది. సంచారజాతులకు ఆమె ఇలవేలుపువంటిది. ప్రతి సంవత్సరము మే 24వ తేదీన ఐరోపా నలుమూలలనుండి వారు ఇంటిబండ్లలో వచ్చి, చీరలవంటి వస్త్రములు పొరలుపొరలుగా కట్టిన ఆ విగ్రహమును భుజములపై మోసికొని సముద్రములోనికి దిగుదురు. తెల్లని గుఱ్ఱములనెక్కిన కమార్గు పశుపాలకులు ముందు నడతురు. 1935వ సంవత్సరమునుండి ఈ ఊరేగింపు జరుగుచున్నది. ఆ దినములలో ఊరంతయు, వీధులు తీరము తోడ, వారి బండ్లతో నిండియుండును. ప్రక్కప్రక్కనే విహారయాత్రికుల మోటారు ఇండ్లును నిలిచియుండును. రాత్రి ఎవరి బండిలో ఎవరు నిద్రించుచున్నారో దూరమునుండి చూచువారికి తెలియదు. మఱునాడు, 25వ తేదీన, ఇద్దఱు మేరీల విగ్రహములను పడవలోనుంచి సముద్రమునకు తీసికొనిపోవుదురు. అది ముగిసిన పిమ్మట బండ్లు ఒక్కొక్కటియే ఆర్ల్ బాటపట్టి కదలిపోవును.